పూచీశాల రాతిమనుషులు

నాగలోయ దాటీ దాటగానే గుర్రం కూలిపోయింది. కేసరి దాని కళ్ళు మూసి, జీను విప్పి పక్కన పెట్టి, కాసేపు మెడ మీద చెయ్యేసి కూర్చున్నాడు. వల్లీగిరి కొండల్లో పుట్టి, విషనాగుల మధ్య నుంచి అతన్ని ఇంతదూరం మోసుకొచ్చిన మూగజీవి అది. దానికోసం తనివితీరా ఏడవడానికి కూడా అతనికి తీరిక లేదు. ఎదురుగా పొద్దుటి ఎండలో పుష్యరాగ రాజ్యపు ముద్రాద్వారం మెరుస్తోంది. ఆ ద్వారానికి అవతల అతని తండ్రి శరభయ్య పాదాల దగ్గర్నుంచి పైకి, రోజురోజుకీ రాయిగా మారిపోతున్నాడు.

ఆ ద్వారాన్ని ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోడు. ఏనుగు మీద ఏనుగు నిలబడినా కమాను అందదు. తలుపుల నిండా పుష్యరాగాలు పొదిగిన ద్రాక్షగుత్తులు, వాటిని ముక్కున కరుచుకున్న బంగారు చిలకలు, గడప పొడవునా వెండి తీగలు, గోపురం చుట్టూ గాలికి గలగలలాడే పగడాల తోరణాలు. ఇంత సింగారించుకున్న ద్వారం ముందు ఒక్క నవ్వు ముఖమైనా లేదు. దేశదేశాల నుంచి ద్రాక్షసారా అమ్మడానికి వచ్చిన ఆసవకారులు జాడీలు ఎండలో పెట్టుకుని, తలలు పట్టుకుని కూర్చున్నారు. ఒక నడివయసు ఆయన తన భార్యను లోపలికి పంపి, తలుపు మూసుకున్నాక కూడా ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాడు.

ఈ గోడంతటికీ మూలం ఒక శాసనం. పూర్వం ఎవరో పరదేశి వర్తకుడు అమ్మిన కల్తీ సారా తాగి, రాజధానిలో ఒక వీధి వీధంతా తెల్లారేసరికి పాడెలెక్కింది. అప్పటి రాజు ఆ వీధిలో కాలినడకన తిరిగి, ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా శాసనం రాయించాడు. పరరాజ్యపు ఆసవకారుడు ఈ గడ్డ మీద చుక్క అమ్మాలన్నా రాజముద్ర ఉండాలి. ముద్ర కావాలంటే రుచి చూడ్డానికి ఒక కూజా, దానికి పూచీగా ఆసవకారుడి ఇంటి మనిషిని ఇవ్వాలి. ఆ రుచికూజాలోని ఆసవం ఆఖరి బొట్టు దాకా ఈ రాజ్యపు పౌరుడి గొంతు దిగాలి. తాగినవాడు క్షేమంగా ఉంటే జాడీల మీద ముద్ర పడుతుంది, పూచీమనిషి ఇంటికి పోతాడు.

మంచి శాసనమే. చాలాకాలం చాలా ప్రాణాలు కాపాడింది. తరవాత కంకాళుడనే మాంత్రికుడు రాజుగారిని మాటలతో మెప్పించి సురాధ్యక్షుడయ్యాడు. మద్యం వ్యవహారాలన్నీ అతని చేతికి వచ్చాయి. అతను శాసనంలో ఒక్క ముక్క మార్చలేదు. చేసిందల్లా రుచికూజాలు తెరవడం మానేయడం. ముద్ర ఏదయ్యా అని అడిగితే, పరీక్ష జరుగుతోంది, తొందరెందుకు అంటాడు. పరీక్ష సాగినంతకాలం పూచీమనుషులు పారిపోకుండా వాళ్ళ మీద శిలామంత్రం వేశాడు. ఊళ్ళో మాత్రం అతని బట్టీలో కాచిన ఇప్పసారా ఏరులై పారుతోంది.

వల్లీగిరి ద్రాక్షతోట నుంచి శరభయ్య కూజాతో వచ్చినప్పుడు కేసరి తనే పూచీకి నిలబడతానన్నాడు. "తోటకి కుర్ర చేతులు కావాలిరా. నేనెంత, పండక్కి ఇంట్లో ఉంటా" అని ముసలాయన కొడుకు నోరు మూయించాడు. పంటల మీద పంటలు వచ్చిపోయాయి. ఆయన రాలేదు.

ద్వారం దగ్గర భటులు, ముద్ర లేని ఆసవకారులు లోపలికి రాకుండా, వచ్చినవాళ్ళ వేళ్ళు వాసన చూస్తున్నారు. ద్రాక్ష తొక్కిన ఇంటివాళ్ళ గోళ్ళలో ఆ ఊదారంగూ వాసనా ఏళ్ళ తరబడి వదలవు. కేసరి ముందే లక్క కరిగించి రెండు చేతులకూ మోచేతుల దాకా ఎర్రగా పట్టించుకుని, నడుముకు చిన్న లక్క కుంపటీ గరిటే కట్టుకున్నాడు. తలపాగా మాత్రం చెవులు కప్పేలా బిగించాడు. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పట్నుంచీ అదొక రోగం.

"ఏరా, ఎవడివి? చేతులు చాపు."

"లక్కపనోణ్ణి బాబూ. సురాధ్యక్షులవారి గిడ్డంగిలో జాడీల మూతులకి లక్క వెయ్యడానికొచ్చా."

భటుడు వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, లక్క ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి, "పో, పో" అని లోపలికి నెట్టాడు.

పూచీశాల దారి అడుగుదామని కేసరి నీలవేణి ఏటి ఒడ్డున ఉన్న ఒక సారాకొట్టు ముందు ఆగాడు. కొట్టు నడిపేది చెంగల్వ అనే పెద్దావిడ. నెరిసిన జుట్టు, నుదుట బొట్టు లేదు, నోరు మాత్రం కొరడా. ఊరికే దారి అడిగితే అనుమానిస్తారని కేసరి ఒక ముంత ఇప్పసారా తెప్పించుకున్నాడు. ముంత చేతిలోకి తీసుకుని, కొంచెం వంచి, వాసన చూసి, ముఖం చిట్లించి కింద పెట్టాడు. తెలిసి చేసిన పని కాదు.

చెంగల్వ చేతిలోని గరిటె అక్కడే ఆగిపోయింది. "తాగడానికొచ్చినోడెవడూ నా కొట్లో సారా వాసన చూళ్ళేదబ్బాయ్. అది కాచేవోళ్ళ బుద్ధి. ఏ కొండ మీదోడివి?"

"కొండేంటి పెద్దమ్మా, నేను లక్కపని..."

"తలపాగా తియ్యి. చెవులు సూద్దాం. మీ నాయన చెప్పాడులే, నీ చెవుల సంగతి."

రోజూ మధ్యాహ్నం పూచీశాలలో వాళ్ళకి గంజి పోసి వచ్చేది ఈ చెంగల్వే. రాజ్యపు ఖర్చుతో కాదు, తన కొట్టు బియ్యంతో. కేసరి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నాన్న ఎలా ఉన్నాడు పెద్దమ్మా?"

"ఎట్టా ఉంటాడు? రొమ్ము దాకా రాయైపోయాడు. గంజి మింగుడు పడట్లా. రెండ్రోజుల్నుంచి తడిగుడ్డతో పెదాలు తుడిచొస్తున్నా."

కేసరి తన పథకం చెప్పాడు. మధ్యాహ్నం కంకాళుడు రాజుగారి పంక్తిలో సారా వడ్డించడానికి కోటకు వెళ్తాడు. ఆ సమయంలో లోపల జొరబడి వల్లీగిరి కూజా తెరవాలి. ఆ మంత్రం శాసనాన్ని ఆనుకుని వేసింది కాబట్టి, కూజా ఖాళీ అయితే శిలామంత్రం దానంతట అదే విడిపోవాలి. అయితే తాను తాగితే లాభం లేదు. తాను పరదేశి. ఈ రాజ్యంలో పుట్టిన గొంతు ఒకటి కావాలి.

చెంగల్వ ముఖం గోడలా అయిపోయింది. "అప్పట్లో పోయిన వీధి ఏదో తెలుసా నీకు? మాదే. నా పెళ్ళై అప్పటికింకా ఏడాది కాలా. మా ఆయన నవ్వుకుంటా తాగొచ్చి, కళ్ళు కనపడట్లేదే చెంగల్వా అన్నాడు. తెల్లారేసరికి లేడు. పరదేశి కుండ నా పెదానికి తగలనివ్వనని ఆయన పాడె పట్టుకుని ఒట్టేశా. నన్నడక్కు."

కేసరి లేచి దండం పెట్టి గడప దాటాడు. వెనక గిన్నెల చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. ఏటిగట్టు మలుపు దాకా వెళ్ళేసరికి గంజికుండ నెత్తిన పెట్టుకుని చెంగల్వ అతన్ని దాటి ముందుకు నడిచింది.

"మా వీధి సంగతి నేనెప్పుడో ఒకసారి నోరు జారా మీ నాయన దగ్గర. ఆనాటి నుంచీ గంజి పోసినప్పుడల్లా, మా సారావోళ్ళు చేసిన పాపం తల్లీ, క్షమించమంటాడు. ఆయన చెయ్యని పాపానికి! రొమ్ము రాయైనా అదే మాట. ఇంక నేను వినలేను. నడు."

పూచీశాల ఊరి చివర కొండను తొలిచి కట్టింది. చంద్రకాంతశిల స్తంభాలు, నెమలికంఠం రంగు నేల, పైకప్పు నుంచి వేలాడే స్ఫటిక దీపాలు. నిజానికి అది ఒకప్పుడు అతిథుల కోసం కట్టిన మేడ. ఇప్పుడు ఆ స్తంభాల మధ్య వరసగా రాతిమనుషులు నిలబడి ఉన్నారు. ఒకామె చంకలో బిడ్డనెత్తుకున్నట్టు చేతులు ముడుచుకుని ఉంది, బిడ్డ మాత్రం లేదు. గడ్డాల దాకా రాయైనవాళ్ళ కళ్ళు మాత్రం ఇంకా కదులుతున్నాయి. ఆ కళ్ళన్నీ ఒక్కసారి కేసరి వైపు తిరిగాయి.

గడప దాటగానే అక్కడ కాపలా పెట్టిన రెండు ఇత్తడి సర్పాలు బుసకొట్టాయి. చెంగల్వ వాసన వాటికి అలవాటే, పరదేశి వాసనకు మాత్రం పడగెత్తుతాయి. మొదటిది మెరుపులా మీదికి దూకింది. కేసరి పక్కకు దొర్లి, నడుముకు కట్టిన కుంపటిలోంచి కరిగిన లక్క గరిటెతో దాని ముక్కుపుటాల్లో చిమ్మాడు. లక్క గడ్డకట్టింది. వాసన తెగిపోయిన సర్పం గుడ్డిదానిలా స్తంభానికి తల మోదుకుని ముక్కలైంది. అంతలో రెండోది వెనక నుంచి వచ్చి అతన్ని నడుము దగ్గర చుట్టేసింది. గరిటె ఎగిరి దూరాన పడింది. పక్కటెముకలు పటపటమన్నాయి. కళ్ళ ముందు చీకట్లు కమ్ముతుండగా చెంగల్వ గరిటె అందుకుని, సర్పం తల పట్టుకుని, మిగిలిన లక్కంతా దాని ముక్కులో దిమ్మరించింది.

"సచ్చినదానా, రోజూ గుమ్మంలో అడ్డమే నాకు!" అని దాని పడగ మీద ఒక్క తన్ను తన్నింది. చుట్టలు సడలి సర్పం నేలకూలింది.

కేసరి లేచి పరుగెత్తాడు. శాల చివర, రుచికూజాల అరుగు పక్కన, శరభయ్య నిలబడి ఉన్నాడు. రాయి మెడ మొదలు దాకా వచ్చేసింది. ముఖం ఎండిన ద్రాక్షలా ముడతలు పడింది.

"నాన్నా!"

ముసలాయన కళ్ళు చికిలించి చూశాడు. "కేసరీ... ఎందుకొచ్చావురా? తోట ఎవరికప్పగించి వచ్చావు?"

"అమ్మ చూసుకుంటోంది. మాట్లాడకు నాన్నా, ఇంటికి పోదాం."

అరుగు మీద ధూళి పట్టిన కూజాల్లో వల్లీగిరి కూజాను కేసరి చూపుతోనే పోల్చాడు. దాని మూతి మీద తన తల్లి వేలిముద్ర ఉంది. మూత పగలగొట్టాడు. అన్నేళ్ళు మూసి ఉన్న ఆసవం పరిమళం రాతిశాల అంతా అలముకుంది. గడ్డాల దాకా రాయైన మనుషుల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంగల్వ గంజి ముంత చాపింది.

"ఏమయ్యా, నువ్వు నన్ను క్షమించాలి" అంది గాల్లోకి చూసి, పోయిన మొగుడితో. కళ్ళు మూసుకుని గటగటా తాగేసింది.

తాగి, కాసేపు కదలకుండా నిలబడింది. కళ్ళు తెరిచింది. "కనపడుతున్నాయి" అంది నెమ్మదిగా. "కళ్ళు కనపడుతున్నాయి నాయనా. పొయ్యి ఇంకా."

కేసరి పోశాడు, ఆమె తాగింది. శరభయ్య మెడ దగ్గర రాయి పెళపెళలాడి పెచ్చులుగా రాలింది. రొమ్ము పొంగి ఊపిరి పీల్చింది. మళ్ళీ పోశాడు. నడుము విడింది. చేతులు విడిపోగానే ముసలాయన కొడుకు తల నిమిరాడు. మళ్ళీ పోశాడు. మోకాళ్ళు వంగాయి. శాలలోని కళ్ళన్నీ ఆ కూజా మీదే ఉన్నాయి. ఇక రాయి పాదాల దగ్గర మాత్రమే మిగిలింది, కూజా అడుగున గుక్కెడు ఆసవం మిగిలింది.

కేసరి కూజాను రెండు చేతులా ఎత్తి, నుదుటికి తాకించి, ఆ గుక్కెడూ నేల మీద పోశాడు.

వల్లీగిరిలో ఏ కూజాకైనా అడుగు గుక్క ద్రాక్షతీగ వాటా, నేలకే పోయాలి. పెళ్ళైనా, చావైనా, ఆ గుక్క మనిషి గొంతులో పోయడం ఎవరూ ఎరగరు. పిల్లలు మాటలు రాకముందే ఆ పని నేర్చుకుంటారు. కేసరి చెయ్యి కేసరిని అడగలేదు. విచిత్రమేమంటే శరభయ్య కూడా కొడుకుతోపాటు తల వంచి, కళ్ళు మూసుకుని, "నీ వాటా నీకు తల్లీ" అని మొక్కాడు. తండ్రీకొడుకులిద్దరూ కళ్ళు తెరిచేదాకా వాళ్ళకేమీ తెలియలేదు.

చెంగల్వ కెవ్వున కేకేసింది. "పోసేశావా? నేల మీద పోసేశావా నాయనా!"

ఆమె మోకాళ్ళ మీద పడి కొంగుతో నేల అద్దింది. కొంగును నోట్లో పిండుకుంది. అరచేతులతో రాతిపలక గీకింది, నాలుకతో తాకింది. ఆ రాయి ఎన్నాళ్ళ దాహంతో ఉందో, చెమ్మ కూడా మిగల్చకుండా పీల్చేసుకుంది. కేసరి కూజాను తలకిందులుగా పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. ఏమీ రాలలేదు. శరభయ్య పాదాల దగ్గర్నుంచి రాయి మళ్ళీ పైకి పాకడం మొదలుపెట్టింది, ఈసారి త్వరత్వరగా.

"నాన్నా, నేను... నేను చంపేశాను నాన్నా నిన్ను!"

"ఛ, ఊరుకో. నువ్వు పొయ్యకపోతే నేనే పొయ్యమందును. నేను నేర్పిందేగా" అన్నాడు శరభయ్య. నవ్వబోయాడు గాని పెదవి అదిరింది. ఇంటికి వెళ్ళొచ్చని ఆయన కూడా ఆశపడ్డాడు. పెరట్లో తీగ, భార్య ముఖం, అన్నీ ఆ కాస్సేపట్లో కళ్ళ ముందుకొచ్చేశాయి. ఆ ఆశ తీసేసుకోవడం ఆయనకీ చేతకాలేదు. "మీ అమ్మతో ఎలా చెబుతావురా?" అన్నాడు, పసివాడిలా.

స్ఫటిక దీపాలు ఒక్కసారి నల్లబడ్డాయి. గుమ్మంలో నల్లపొగ సుడి తిరిగి, అందులోంచి కంకాళుడు బయటికొచ్చాడు. మెడలో ఎముకల దండ, దాని మీద రాజముద్రల గుత్తి. అతను కోపంగా లేడు. కడుపారా భోంచేసి వచ్చినవాడిలా తేన్చాడు.

"శాసనం ఆఖరి బొట్టు దాకా అంది. అడుగు గుక్క నేల తాగింది. కాబట్టి పరీక్ష చెల్లదు. నేనేం చెయ్యను చెప్పు, రాజశాసనం! ఓరీ కొండవాడా, ముద్ర లేకుండా ద్వారం దాటావు. నీక్కూడా ఇక్కడో చోటు చూపిస్తా."

రాయి శరభయ్య రొమ్ము దాటింది. ఆయన వేగంగా మాట్లాడాడు. "కేసరీ, విను. చెల్లని కూజాకి బదులు కూజా తేవచ్చు. అదే తీగ, అదే ఇల్లు. శాసనంలో ఉంది, భటులు రోజూ చదువుతుంటే విన్నా. దొంగతనంగా వచ్చి చెడ్డాం. ఈసారి ద్వారం ముందుకొచ్చి, పేరు చెప్పి, ముద్ర అడుగు."

"అడగొచ్చు, అడగొచ్చు" అన్నాడు కంకాళుడు. "బదులు కూజాకి పూచీమనిషి ముందే నిలబడాలి. ఆసవకారుడి ఇంటి మనిషి. ఇంట్లో మిగిలింది మీ అమ్మేగా? పిలిపించు మరి."

కేసరి నోరు తెరిచేలోపు చెంగల్వ లేచి, కొంగు దులుపుకుంది. "ఆవిడెందుకు? నేనున్నాగా."

"నువ్వా? నువ్వీ రాజ్యపు మనిషివి. వాళ్ళింటికీ నీకూ ఏమిటి?"

"నా ఒట్టు తీసి గట్టున పెట్టి ఈ ఇంటి కుండ తాగాను. ఈ ముసలాయన మూతి తుడిచింది నేను. ఈయన కొడుకు నన్ను పెద్దమ్మా అన్నాడు. అందరూ విన్నారు. ఇంతకంటే ఇంటి మనిషి ఎట్టా అవుతారో నువ్వే చెప్పు సురాధ్యక్షా!"

రాతిమనుషుల కళ్ళన్నీ కంకాళుడి మీదికి తిరిగాయి. తనంత తానుగా నిలబడిన పూచీని కాదనే అధికారం సురాధ్యక్షుడికి లేదు. కాదన్ననాడు అతని మంత్రమే విడిపోతుంది. పళ్ళు నూరుకుంటూ అతను మంత్రదండం ఎత్తాడు. చెంగల్వ పాదాలు నేలకు అతుక్కున్నాయి.

"వద్దు పెద్దమ్మా, వద్దు!" కేసరి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. చేతికి చల్లటి రాయి తగిలింది.

"లే ముందు. నువ్వు దొరికితే కుండ ఎవడు తెస్తాడు? పూచీ నిలబడింది గాని, నిన్ను వదలమని శాసనం చెప్పలా. పరిగెత్తు!" అంతలోనే మళ్ళీ పిలిచి, "బాబూ, ఎసట్లో బియ్యం వేసి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఉడుకుద్దిలే అనుకున్నా. మాడిపోద్ది. పోతా పోతా దింపేసి, పొయ్యి ఆర్పి పో" అంది.

కేసరి తండ్రి వైపు చూశాడు. ఆయన పెదవులు కూడా రాయైపోయాయి. కళ్ళు మాత్రం, వెళ్ళు, వెళ్ళు అంటున్నాయి. కంకాళుడు చప్పట్లు చరిచాడు. భటుల గుర్రాలు శాల ముందుకు దూసుకొచ్చాయి. కేసరి స్ఫటిక దీపపు గొలుసు పట్టుకుని ఊగి, గవాక్షంలోంచి బయటికి దూకి, బాణాలు చెవుల పక్కన ఝుమ్మంటుండగా ఏటిగట్టు వెంట పరుగెత్తాడు. ఒకటి భుజంలో దిగబడింది. పీకి పారేసి పరుగెత్తాడు.

తిన్నగా ఏట్లోకి దూకితే తప్పించుకునేవాడే. కొట్టు ముందుకు వచ్చేసరికి అతని కాళ్ళు ఆగిపోయాయి.

లోపల అన్నం పొంగి పొయ్యి మీద కారుతోంది. వట్టి చేతులతో కుండ దించాడు. చేతులు కాలింది తెలియలేదు. తొట్టిలోంచి నీళ్ళు తెచ్చి కట్టెల మీద చల్లాడు. ఆవిరి ముఖానికి కొట్టింది. గుర్రాల డెక్కల చప్పుడు వీధి మొదట్లో వినపడింది.

వెనక కిటికీ వైపు తిరగబోతూ అతను చూశాడు. గోడ వారగా అరిటాకులు కడిగి, బోర్లించకుండా, పక్కపక్కనే పరిచి ఉన్నాయి. మూడు ఆకులు. వాటి ముందు మూడు పీటలు వాల్చి ఉన్నాయి. పెద్దాయన ఆనుకోవడానికని మధ్య పీట వెనక ఒక బియ్యపు మూట నిలబెట్టి ఉంది.

తలుపు మీద కత్తిపిడి పడింది. కేసరి ఏడుస్తూనే కిటికీ ఎక్కి నీలవేణి సుళ్ళలోకి దూకాడు.